కసాండ్రా క్లస్టర్‌కి పాస్‌వర్డ్ ముందా, టీఎల్ఎస్ ముందా? నడుస్తున్న క్లస్టర్‌ని ఆపకుండా మార్చడం ఎలా?

బ్యాకెండ్_గుంటూరు:

నమస్తే అండీ. మాది కసాండ్రా 4.1 క్లస్టర్, అంటే చాలా మిషన్లు (నోడ్లు) కలిసి నడిపే డేటాబేస్. మొత్తం ఆరు నోడ్లు, హైదరాబాద్ డేటా సెంటర్‌లో మూడు, ముంబైలో మూడు. కీస్పేస్‌లన్నిటికీ (టేబుళ్ళ గుంపులు) ఒక్కో డీసీలో (డేటా సెంటర్‌లో) ఆర్ఎఫ్ 3, అంటే డేటాకి మూడేసి కాపీలు. ఇప్పటిదాకా లాగిన్ లేదు, ఎన్‌క్రిప్షన్ లేదు, అన్నీ డీఫాల్ట్ సెట్టింగులే. జావా, పైథాన్ సర్వీసులు కలిపి ఇరవై దాకా దీన్ని వాడుతున్నాయి. ఇప్పుడు రెండూ పెట్టాలి. ముందు పాస్‌వర్డ్ పెట్టేసి, టీఎల్ఎస్ (తీగ మీద వెళ్ళే డేటాని ఎన్‌క్రిప్ట్ చేసేది) సంగతి వచ్చే నెల చూద్దామని ప్లాన్.

మూడు నోడ్ల టెస్ట్ క్లస్టర్‌లో ప్రయత్నిస్తే రెండు చోట్ల ఆగిపోయాను.

ఒకటి: పాస్‌వర్డ్ అథెంటికేటర్ (లాగిన్ అడిగే సెట్టింగ్) పెట్టి మూడు నోడ్లూ రీస్టార్ట్ చేశాక లాగిన్ బాగానే అయింది. తర్వాత ఒక నోడ్ ఆపితే మిగతా రెండిట్లోనూ లాగిన్ పోయింది. "కోరం కన్సిస్టెన్సీ అందడం లేదు" అని ఎర్రర్ (కోరం అంటే కాపీల్లో సగానికి పైగా జవాబివ్వడం).

రెండు: ఒక నోడ్‌లో ఇంటర్నోడ్ ఎన్‌క్రిప్షన్‌ని (నోడ్ల మధ్య ఎన్‌క్రిప్షన్) "ఆల్" చేసి రీస్టార్ట్ చేస్తే, మిగతా రెండు నోడ్లకీ అది డౌన్‌గా కనిపించింది. దానికి అవి రెండూ డౌన్.

ప్రొడక్షన్‌లో డౌన్‌టైమ్ ఇవ్వరు. ఏ వరసలో చేయాలి?

నోడ్_కాపలా:

ముందు టీఎల్ఎస్. పాస్‌వర్డ్ ఆ తర్వాతే. ఈ వరస తిప్పొద్దు.

పాస్‌వర్డ్ అథెంటికేటర్ పెట్టినప్పుడు డ్రైవర్ (సర్వీసు తరఫున కసాండ్రాతో మాట్లాడే లైబ్రరీ) యూజర్ పేరునీ పాస్‌వర్డ్‌నీ ఉన్నవి ఉన్నట్టే పంపుతుంది. డిస్కు మీద బీక్రిప్ట్ హ్యాష్ (తిరిగి పాస్‌వర్డ్‌గా మార్చలేని రూపం) ఉంటుంది నిజమే, కానీ తీగ మీద వెళ్ళేది అసలు పాస్‌వర్డే. టీఎల్ఎస్ లేకుండా నెల రోజులు నడిపితే, ఆ నెలలో వాడిన ప్రతి పాస్‌వర్డూ బయటపడిందనే లెక్క. టీఎల్ఎస్ వచ్చాక మళ్ళీ ఇరవై సర్వీసుల పాస్‌వర్డ్‌లూ మార్చాలి. పని రెట్టింపు.

ఇంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. లాగిన్ అనేది క్లయింట్లు వచ్చే 9042 పోర్టుకు మాత్రమే కాపలా. నోడ్లు తమలో తాము మాట్లాడుకునే 7000 పోర్టుకి దానితో సంబంధమే లేదు. ఆ పోర్టు దాకా రాగలిగినవాడికి క్లస్టర్ పేరు, ఒక సీడ్ (కొత్త నోడ్ మొదట పలకరించే నోడ్) అడ్రస్ తెలిస్తే చాలు, తన మిషన్‌ని కొత్త నోడ్‌గా రింగులో చేర్చేయగలడు. తన వాటా డేటా దానంతటదే స్ట్రీమ్ అయి అతని డిస్కులోకి వెళ్తుంది. ఒక్క పాస్‌వర్డ్ కూడా అడగదు. వీధి గుమ్మానికి తాళం వేసి పెరటి తలుపు బార్లా తీసి పెట్టినట్టు. కాబట్టి నోడ్ల మధ్య టీఎల్ఎస్ మొదటి పని. అందులోనూ ఎన్‌క్రిప్షన్ ఒక్కటే చాలదు, ఎదుటి నోడ్ సర్టిఫికెట్ చూపించి తీరాలన్న షరతు ఉండాలి. దాని పేరు రిక్వైర్ క్లయింట్ ఆథ్. డీఫాల్ట్‌గా అది ఫాల్స్. చాలామంది ఆల్ పెట్టి, దీన్ని ఫాల్స్‌గానే వదిలేసి పని అయిపోయిందనుకుంటారు. అలా వదిలేస్తే దారిలో వినేవాడికి ఏమీ అర్థం కాదు గానీ, తలుపు తట్టేవాడిని ఎవరని అడిగేవాళ్ళు ఉండరు.

మీ రెండో సమస్యకు కారణం: ఆల్ పెట్టిన నోడ్ బయటికి చేసే ప్రతి కనెక్షన్‌నీ టీఎల్ఎస్‌లోనే చేస్తుంది. లోపలికి వచ్చే మామూలు కనెక్షన్లను తిరగ్గొడుతుంది. ఎదుటివాటికి కీస్టోరే (తమ కీ, సర్టిఫికెట్ ఉండే ఫైలు) లేదు. అందుకే ఎవరికి ఎవరూ కనిపించలేదు. నడుస్తున్న క్లస్టర్‌లో దీన్ని మూడు విడతల్లో మార్చాలి. ప్రతి విడతా ఒక రోలింగ్ రీస్టార్ట్, అంటే నోడ్లను ఒకదాని తర్వాత ఒకటి రీస్టార్ట్ చేయడం. సెట్టింగుల పేర్లు నేను తెలుగులో రాస్తున్నాను, యామల్ ఫైల్లో (కసాండ్రా సెట్టింగుల ఫైలు) సర్వర్ ఎన్‌క్రిప్షన్ ఆప్షన్స్ కింద ఇంగ్లీషులో ఇవే ఉంటాయి.

మొదటి విడత. ఆరు నోడ్లలోనూ కీస్టోర్, ట్రస్ట్‌స్టోర్ (ఎవరి సర్టిఫికెట్లు నమ్మాలో చెప్పే ఫైలు) పెట్టండి. ఇంటర్నోడ్ ఎన్‌క్రిప్షన్ "నన్"గానే ఉంచి, ఆప్షనల్‌ని ట్రూ చేయండి. ఒక్కో నోడ్ రీస్టార్ట్. ఇప్పుడు అన్ని నోడ్లూ మామూలుగానే మాట్లాడుకుంటాయి, కానీ ఎవరైనా టీఎల్ఎస్‌లో వస్తే అందుకోగలవు.

రెండో విడత. ఇంటర్నోడ్ ఎన్‌క్రిప్షన్ "ఆల్", ఆప్షనల్ ట్రూ. మళ్ళీ ఒక్కోటి రీస్టార్ట్. మారిన నోడ్ టీఎల్ఎస్‌లో మాట్లాడుతుంది, మారనిది మామూలుగా. రెండు రకాల కనెక్షన్లనూ ఇరు నోడ్లూ అందుకుంటాయి.

మూడో విడత. ఆప్షనల్ ఫాల్స్, రిక్వైర్ క్లయింట్ ఆథ్ ట్రూ.

ప్రతి రీస్టార్ట్ ముందు నోడ్‌టూల్ (నోడ్ నిర్వహణ కమాండ్) డ్రెయిన్ కొట్టండి, రాతలన్నీ డిస్కుకి చేరతాయి. లేచాక, ఆ నోడ్ నుంచి మాత్రమే కాకుండా వేరే డీసీలో ఉన్న నోడ్ నుంచి కూడా నోడ్‌టూల్ స్టేటస్ చూడండి. ఆరు వరసలూ యూఎన్ (అప్, నార్మల్) అని ఉంటేనే తర్వాతి నోడ్‌కి వెళ్ళండి. ఒక వైపు నుంచి అంతా బాగున్నట్టు, రెండో వైపు నుంచి డౌన్ అయినట్టు కనిపించడం ఇక్కడ మామూలే, ఎందుకంటే రాకకీ పోకకీ వేరే వేరే కనెక్షన్లు.

"డీసీ" అనే విలువ కూడా ఉంది, అది రెండు డేటా సెంటర్ల మధ్య ట్రాఫిక్‌ని మాత్రమే ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. మీకు అది వద్దు. డీసీ లోపలి 7000 పోర్టు తెరిచే ఉంటుంది.

7001 పోర్టు గురించి అడుగుతారేమో. 4.0 నుంచి మామూలు, టీఎల్ఎస్ రెండూ 7000 మీదే నడుస్తాయి. 7001 అనేది 3 సిరీస్ నుంచి అప్‌గ్రేడ్ అయ్యేవాళ్ళ కోసం ఉంచారు. మీరు దాన్ని తెరవక్కర్లేదు, ఫైర్‌వాల్‌లో రూల్ ఉంటే తీసేయండి.

ఒక నష్టం ముందే తెలుసుకోండి. ఎస్ఎస్ టేబుల్ ఫైళ్ళను (డిస్కు మీద డేటా ఉండే ఫైళ్ళు) ముక్క చేయకుండా మొత్తంగా పంపే వేగవంతమైన స్ట్రీమింగ్, ఇంటర్నోడ్ ఎన్‌క్రిప్షన్ ఆన్ కాగానే ఆగిపోతుంది. యామల్ ఫైల్లో ఆ సెట్టింగ్ పక్కనే ఈ సంగతి రాసి ఉంటుంది. కొత్త నోడ్ చేర్చడానికి ఇంతకుముందు పట్టినదానికన్నా ఎక్కువ సమయం పడుతుంది. నోడ్లు చేర్చే పని ఏదైనా ఉంటే టీఎల్ఎస్‌కి ముందే ముగించండి, మధ్యలో మాత్రం వద్దు.

కీస్టోర్_కృష్ణా:

పైన చెప్పిన విడతలు సరైనవే. కానీ పని చెడేది ఎక్కువగా సర్టిఫికెట్ల దగ్గర, కాబట్టి అది విడమరిచి రాస్తాను.

బయట కొనే పబ్లిక్ సీఏ (సర్టిఫికెట్ల మీద సంతకం చేసే సంస్థ) వద్దు. ట్రస్ట్‌స్టోర్‌లో పబ్లిక్ సీఏ పెడితే, ఆ సీఏ దగ్గర సర్టిఫికెట్ తీసుకున్న ప్రపంచంలోని ప్రతివాడినీ మీ నోడ్లు నమ్ముతాయి. ఈ క్లస్టర్ కోసమే ఒక సొంత సీఏ చేయండి. సీఏ ప్రైవేట్ కీ ఏ నోడ్ మీదా ఉండకూడదు. ట్రస్ట్‌స్టోర్‌లో ఆ ఒక్క సీఏ సర్టిఫికెట్టే ఉండాలి.

ప్రతి నోడ్‌కీ వేరే కీ, వేరే సర్టిఫికెట్. ఆరు నోడ్లకీ ఒకే కీస్టోర్ కాపీ చేయడం సులువే, కానీ ఒక నోడ్ పోతే ఆరూ పోయినట్టే.

సర్టిఫికెట్‌లో తప్పక ఉండాల్సినవి రెండు.

సబ్జెక్ట్ ఆల్టర్నేటివ్ నేమ్‌లో ఆ నోడ్ ఐపీ అడ్రస్. హోస్ట్ పేరు ఒక్కటే రాస్తే చాలదు. డ్రైవర్ మొదటి నోడ్‌కి మీరిచ్చిన పేరుతో వెళ్తుంది, మిగతా నోడ్ల సంగతి సిస్టమ్ పీర్స్ టేబుల్ చూసి తెలుసుకుంటుంది, అక్కడ ఉండేవి ఐపీలే. సర్టిఫికెట్‌లో ఐపీ లేకపోతే మొదటి కనెక్షన్ అవుతుంది, తక్కినవన్నీ పడిపోతాయి. ఇంటర్నోడ్‌కి ఒక ఐపీ, క్లయింట్లకు ఇంకో ఐపీ ఉంటే రెండూ రాయండి. ఆర్‌పీసీ అడ్రస్ (క్లయింట్ల కోసం వినే అడ్రస్) 0.0.0.0 పెట్టుకున్నవాళ్ళు బ్రాడ్‌కాస్ట్ ఆర్‌పీసీ అడ్రస్‌లో ఉన్న ఐపీ రాయాలి.

ఎక్స్‌టెండెడ్ కీ యూసేజ్‌లో (సర్టిఫికెట్‌ని దేనికి వాడొచ్చో చెప్పే చోటు) సర్వర్ ఆథ్, క్లయింట్ ఆథ్ రెండూ. ఇంటర్నోడ్‌లో ప్రతి నోడూ ఒక పక్క సర్వర్, ఒక పక్క క్లయింట్. సర్వర్ ఆథ్ ఒక్కటే రాసిన సర్టిఫికెట్‌తో మొదటి రెండు విడతలూ హాయిగా నడిచిపోతాయి. మూడో విడతలో రిక్వైర్ క్లయింట్ ఆథ్ ట్రూ చేసిన క్షణం హ్యాండ్‌షేక్ పడిపోతుంది. అన్నిటికన్నా ఆలస్యంగా బయటపడే తప్పు ఇదే, అందుకే మొదటే చూసుకోవాలి.

కీటూల్‌తో (జావాతో వచ్చే కీస్టోర్ టూల్) చేసే వరస: నోడ్ మీద కీ జత పుట్టించడం, సంతకం కోసం అభ్యర్థన ఫైలు తీయడం, సీఏ మిషన్‌లో సంతకం చేయడం, తిరిగి నోడ్‌లో ముందు సీఏ సర్టిఫికెట్, తర్వాత సంతకం అయిన సర్టిఫికెట్ ఇంపోర్ట్ చేయడం. ఇందులో మూడు గుంటలు ఉన్నాయి.

సీఏ కన్నా ముందు నోడ్ సర్టిఫికెట్ ఎక్కిస్తే, సీఏ దాకా సర్టిఫికెట్ల గొలుసు కట్టలేకపోయానని కీటూల్ ఆగిపోతుంది. ఇది మంచి తప్పు, వెంటనే తెలుస్తుంది.

సంతకం అయిన సర్టిఫికెట్‌ని కీ జత ఉన్న ఆలియాస్‌తో (కీస్టోర్‌లో ఆ ఎంట్రీ పేరు) కాకుండా వేరే ఆలియాస్‌తో ఎక్కిస్తే, కీటూల్ ఏమీ అనదు. దాన్ని ఉత్త నమ్మదగిన సర్టిఫికెట్‌గా పెట్టుకుంటుంది. కీ దగ్గర మాత్రం పాత సెల్ఫ్ సైన్డ్ (తన మీద తానే సంతకం చేసుకున్న) సర్టిఫికెట్టే ఉండిపోతుంది. కీస్టోర్‌ని వివరంగా లిస్ట్ చేసి చూడండి. నోడ్ ఆలియాస్ ఎదురుగా ప్రైవేట్ కీ ఎంట్రీ అని ఉండాలి, గొలుసు పొడవు 2 అని ఉండాలి. 1 అని ఉంటే ఇదే తప్పు.

ఓపెన్ఎస్ఎస్ఎల్‌తో సంతకం చేసేటప్పుడు, అభ్యర్థనలో మీరు రాసిన ఐపీలు సర్టిఫికెట్‌లోకి వాటంతటవి రావు. ఎక్స్‌టెన్షన్ ఫైలు విడిగా ఇవ్వాలి. ఓపెన్ఎస్ఎస్ఎల్ 3 అయితే ఎక్స్‌టెన్షన్లను కాపీ చేయమనే ఆప్షన్ ఉంది. సంతకం అయ్యాక సర్టిఫికెట్‌ని టెక్స్ట్‌గా తెరిచి ఐపీలు కంటితో చూసుకోండి.

జేకేఎస్ (జావా పాత పద్ధతి) రకం కీస్టోర్ వాడితే స్టోర్ పాస్‌వర్డ్, కీ పాస్‌వర్డ్ ఒకటే పెట్టాలి. కసాండ్రా రెంటికీ కీస్టోర్ పాస్‌వర్డే వాడుతుంది. వేరేగా ఉంటే "కీ తిరిగి పొందలేను" అనే ఎర్రర్ వస్తుంది, అది చూసి ఫైలు పాడైందనుకుంటారు. జావా 9 నుంచి కీటూల్ డీఫాల్ట్‌గా పీకేసీఎస్12 రకం చేస్తుంది, అందులో రెండు పాస్‌వర్డ్‌ల గొడవ లేదు.

ఆర్‌ఎస్‌ఏ 2048 చాలు. పీ-256 ఈసీ కీ అయితే సర్వర్ వైపు హ్యాండ్‌షేక్ ఇంకా తేలిక. యామల్ ఫైల్లో కీస్టోర్ పాస్‌వర్డ్ రాసి ఉంటుంది కాబట్టి, కీస్టోర్‌తో పాటు ఆ ఫైలు కూడా కసాండ్రా యూజర్‌కి మాత్రమే చదివే హక్కుతో ఉంచండి. కాన్ఫిగ్ ఫైళ్ళు గిట్ రిపోలో పెట్టే అలవాటు ఉంటే ఆ పాస్‌వర్డ్ అక్కడికి పోకుండా చూడండి.

బ్యాకెండ్_గుంటూరు:

చాలా థ్యాంక్స్ అండీ. టెస్ట్ క్లస్టర్‌లో గొలుసు పొడవు 1 అనే ఉంది, ఆలియాస్ తప్పు ఇచ్చాను. సరిచేశాక ఇంటర్నోడ్ మూడు విడతలూ అయ్యాయి. ఇప్పుడు రెండు అనుమానాలు. క్లయింట్ల టీఎల్ఎస్‌కి 9142 పోర్టు వేరుగా తెరవాలా, 9042 చాలా? అలాగే ఇరవై సర్వీసుల్లో ఏది మారింది, ఏది మారలేదు అనేది ఎలా తెలుస్తుంది?

నోడ్_కాపలా:

9042 చాలు. క్లయింట్ ఎన్‌క్రిప్షన్ ఆప్షన్స్‌లో ఎనేబుల్డ్ ట్రూ, ఆప్షనల్ ట్రూ పెడితే అదే పోర్టు మీద రెండు రకాల కనెక్షన్లూ వస్తాయి. 9142 అనేది పాత పద్ధతి, 5.0లో దాన్ని వద్దన్నారు కూడా.

ఇక్కడ ఒక నియమం తప్పొద్దు. ఆరు నోడ్లూ ఈ సెట్టింగ్‌తో లేచాకే మొదటి సర్వీసుని టీఎల్ఎస్‌కి మార్చండి. డ్రైవర్ సెషన్‌కి టీఎల్ఎస్ అంటే అన్ని నోడ్లకీ టీఎల్ఎస్సే. నాలుగు నోడ్లు సిద్ధమై రెండు కాకపోతే, ఆ రెండూ ఆ సర్వీసుకి లేనట్టే.

ఎవరు మారారో తెలుసుకోవడానికి 4.0 నుంచి సిస్టమ్ వ్యూస్ అనే కీస్పేస్‌లో క్లయింట్స్ అనే వర్చువల్ టేబుల్ ఉంది. అందులో అడ్రస్, యూజర్ పేరు, డ్రైవర్ పేరు, డ్రైవర్ వెర్షన్, ఎస్ఎస్ఎల్ (టీఎల్ఎస్ పాత పేరు) ఎనేబుల్డ్, ప్రోటోకాల్, సైఫర్ అన్నీ కాలమ్‌లు. ఎస్ఎస్ఎల్ ఎనేబుల్డ్ ఫాల్స్ ఉన్న వరసలే మీ పని జాబితా. గుర్తుంచుకోండి, ఇది వర్చువల్ టేబుల్, మీరు ఏ నోడ్‌కి కనెక్ట్ అయ్యారో ఆ నోడ్ సంగతే చూపిస్తుంది. ఆరు నోడ్లలోనూ విడిగా అడగాలి. నెలకోసారి నడిచే రిపోర్టు జాబులు, బ్యాకప్ స్క్రిప్టులు ఒకసారి చూస్తే దొరకవు. ఈ క్వెరీని ప్రతి ఐదు నిమిషాలకీ క్రాన్‌లో నడిపి ఫైల్లో రాయించి, కనీసం ఒక పూర్తి నెల గడిచాకే ఆప్షనల్‌ని ఫాల్స్ చేయండి.

జావా డ్రైవర్ 4లో ఎస్ఎస్ఎల్ ఇంజిన్ ఫ్యాక్టరీ సెట్టింగ్, ట్రస్ట్‌స్టోర్ దారి ఇవ్వాలి. హోస్ట్ పేరు సరిచూడడం డీఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది, ఎర్రర్ వచ్చిందని దాన్ని ఆఫ్ చేయొద్దు. ఎర్రర్ వస్తే తప్పు సర్టిఫికెట్‌లో ఐపీ లేకపోవడమే, కీస్టోర్ కృష్ణా గారు పైన చెప్పినదే. పైథాన్‌లో పాత ఎస్ఎస్ఎల్ ఆప్షన్స్ డిక్షనరీ వద్దు, ఎస్ఎస్ఎల్ కాంటెక్స్ట్ ఇవ్వండి, సర్టిఫికెట్ తప్పనిసరి అని చెప్పండి. సీక్యూఎల్ షెల్‌కి (కసాండ్రాకి క్వెరీలు ఇచ్చే కమాండ్ లైన్) ఎస్ఎస్ఎల్ ఫ్లాగ్ ఇచ్చి, దాని ఆర్‌సీ ఫైల్లో సర్టిఫికెట్ దారి, వ్యాలిడేట్ ట్రూ రాయాలి. ఎస్ఎస్ టేబుల్ లోడర్ వాడేవాళ్ళుంటే దానికీ ట్రస్ట్‌స్టోర్, కీస్టోర్, యూజర్ ఫ్లాగులు విడిగా ఇవ్వాలి. అందరూ మర్చిపోయేది దాన్నే.

రోల్స్_రాజమండ్రి:

లాగిన్ భాగం నేను చెప్తాను. మీ మొదటి సమస్య అందులోదే.

సిస్టమ్ ఆథ్ అనే కీస్పేస్‌లో యూజర్లు, హక్కులు ఉంటాయి. దాని డీఫాల్ట్ ఆర్ఎఫ్ 1. కసాండ్రా అనే డీఫాల్ట్ యూజర్ వరస మీ మూడు నోడ్లలో ఒక్కదాని మీదే ఉంది, మీరు సరిగ్గా ఆ నోడ్‌నే ఆపారు. పైగా ఆ ఒక్క యూజర్‌ని కోరంతో చదువుతుంది. అందుకే ఎర్రర్‌లో కోరం అని వచ్చింది.

ప్రొడక్షన్‌లో అథెంటికేటర్ ముట్టుకోకముందే సిస్టమ్ ఆథ్‌ని నెట్‌వర్క్ టోపాలజీ స్ట్రాటజీకి (డీసీల వారీగా కాపీలు పెట్టే పద్ధతి) మార్చి ఒక్కో డీసీకి 3 ఇవ్వండి. డీసీ పేరు నోడ్‌టూల్ స్టేటస్‌లో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయాలి, పెద్ద అక్షరాలు చిన్న అక్షరాలతో సహా. తర్వాత ప్రతి నోడ్‌లోనూ ఆ ఒక్క కీస్పేస్‌కి ఫుల్ రిపేర్ నడపండి. ఆర్ఎఫ్ మార్చినంత మాత్రాన పాత వరసలు కొత్త నోడ్లకు చేరవు. రిపేర్ మానేస్తే ఒకసారి లాగిన్ అవుతుంది, ఒకసారి కాదు, నోడ్‌ని బట్టి మారుతుంది. అలాంటి ఎర్రర్‌ని వెతకడం చాలా కష్టం.

ఓపెన్ సోర్స్ కసాండ్రాలో లాగిన్‌కి ఆప్షనల్ అనే మధ్య దశ లేదు. ఆ లోటుని డ్రైవర్ వైపు నుంచి పూడ్చాలి. యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇచ్చిన డ్రైవర్, సర్వర్ అడిగితేనే వాటిని పంపుతుంది. అడగని సర్వర్‌తో కూడా మామూలుగా పనిచేస్తుంది, జావా డ్రైవర్ అయితే "సర్వర్ లాగిన్ అడగలేదు, అనుమానంగా ఉంది" అని లాగ్‌లో ఒక హెచ్చరిక రాస్తుంది, అంతే. కాబట్టి ఇరవై సర్వీసుల్లోనూ ముందే పాస్‌వర్డ్‌లు పెట్టి డిప్లాయ్ చేసేయండి.

తర్వాత ఒక నోడ్ తీసుకోండి. ఆ నోడ్ 9042 పోర్టుని సర్వీసులకు ఫైర్‌వాల్‌లో కాసేపు మూసి, మీరు షెల్ నడిపే అడ్రస్‌కి మాత్రం ఉంచండి. బైనరీ డిసేబుల్ కమాండ్ వాడితే మీ షెల్ కూడా పోతుంది, అందుకే ఫైర్‌వాల్. ఆ నోడ్‌లో అథెంటికేటర్‌ని పాస్‌వర్డ్ అథెంటికేటర్‌గా, ఆథరైజర్‌ని (హక్కులు చూసే సెట్టింగ్) కసాండ్రా ఆథరైజర్‌గా ఒకేసారి మార్చి రీస్టార్ట్ చేయండి. రెండూ కలిపి ఎందుకంటే, ఆథరైజర్ మారని నోడ్‌లో గ్రాంట్ కమాండే పనిచేయదు. విడివిడిగా చేస్తే క్లస్టర్ మొత్తానికి ఒక రోలింగ్ రీస్టార్ట్ అదనం.

కసాండ్రా యూజర్‌తో లాగిన్ అయి కొత్త సూపర్ యూజర్‌ని పుట్టించండి. బయటికి వచ్చి, కొత్త పేరుతో మళ్ళీ లాగిన్ అయి, పాత కసాండ్రా రోల్‌కి (యూజర్‌ని ఇక్కడ రోల్ అంటారు) సూపర్ యూజర్ ఫాల్స్, లాగిన్ ఫాల్స్ చేయండి. దాని పాస్‌వర్డ్ కూడా కసాండ్రాయే అని లోకమంతటికీ తెలుసు. పాస్‌వర్డ్ మార్చి అదే యూజర్‌ని సర్వీసుల్లో వాడేవాళ్ళున్నారు, అది ఇంకో తప్పు: పైన చెప్పిన కోరం చదువు దానికి ఎప్పటికీ ఉంటుంది, ఆరు నోడ్లలో ఒక డీసీ మొత్తం పోతే ఆ యూజర్ లాగిన్ కాలేడు.

తర్వాత ప్రతి సర్వీసుకీ ఒక రోల్. చదివేదానికి సెలెక్ట్, రాసేదానికి మాడిఫై. ఇక్కడ తెలియాల్సినవి కొన్ని. మాడిఫైలో ఇన్సర్ట్, అప్‌డేట్, డిలీట్‌తో పాటు ట్రంకేట్ కూడా ఉంది, వేరు చేయడానికి వీల్లేదు. ఇఫ్ షరతుతో రాసే లైట్‌వెయిట్ ట్రాన్సాక్షన్లకు మాడిఫై ఒక్కటే సరిపోదు, సెలెక్ట్ కూడా కావాలి, ఎందుకంటే షరతు ఫలితం ద్వారా డేటా చదివినట్టే అవుతుంది. "ఇన్సర్ట్ అవుతోంది, ఇఫ్ నాట్ ఎగ్జిస్ట్స్ పెడితే కావడం లేదు" అనేవాళ్ళ సమస్య ఇదే. టేబుల్‌ని పుట్టించిన రోల్‌కి ఆ టేబుల్ మీద అన్ని హక్కులూ వాటంతటవే వస్తాయి. కాబట్టి స్కీమా మార్పులకు వేరే రోల్ పెట్టండి, సర్వీసు రోల్‌తో టేబుళ్ళు చేయించొద్దు.

గ్రాంట్లు అయ్యాక ఫైర్‌వాల్ తెరవండి, సర్వీసులు ఆ నోడ్‌కి సరిగ్గా వస్తున్నాయో చూడండి, తర్వాతే మిగతా ఐదు నోడ్లు ఒక్కోటిగా.

హక్కుల క్యాష్ డీఫాల్ట్‌గా 2000 మిల్లీసెకన్లు. రద్దీ ఎక్కువుంటే పెంచొచ్చు, పెంచినంతసేపూ తీసేసిన హక్కు కూడా పనిచేస్తూనే ఉంటుందని గుర్తుంచుకోండి. క్యాష్ ఎంత పెంచినా బీక్రిప్ట్ ఖర్చు తగ్గదు. ప్రతి కొత్త కనెక్షన్‌కీ పాస్‌వర్డ్‌ని హ్యాష్‌తో పోల్చాల్సిందే, బీక్రిప్ట్‌ని కావాలనే నెమ్మదిగా తయారుచేశారు. ప్రతి రిక్వెస్ట్‌కీ కొత్త సెషన్ తెరిచే సర్వీసు ఒక్కటున్నా నోడ్ల సీపీయూ లేచిపోతుంది. ప్రాసెస్‌కి ఒకే సెషన్ తెరిచి, అది బతికున్నంతసేపూ దాన్నే వాడాలి. లాగిన్ పెట్టకముందే ఇరవై సర్వీసుల కోడ్‌లోనూ ఈ ఒక్కటి చూడండి.

నోడ్_కాపలా:

రాజమండ్రి గారు చెప్పినదానికి ఒకటి చేరుస్తాను. 7199 జేఎంఎక్స్ పోర్టుకి (నోడ్‌టూల్ వాడే నిర్వహణ పోర్టు) సీక్యూఎల్ పాస్‌వర్డ్‌లతో సంబంధం లేదు. డీఫాల్ట్‌గా అది లోకల్‌హోస్ట్‌కే పరిమితం. అలాగే వదిలేయండి. మానిటరింగ్ కోసమని దాన్ని బయటికి తెరుస్తారు, దాంతో నోడ్‌ని డీకమిషన్ చేసే (క్లస్టర్ నుంచి తీసేసే) అధికారం కూడా బయటికి వెళ్తుంది. మెట్రిక్స్ కావాలంటే జావా ఏజెంట్‌గా అదే జేవీఎంలో నడిచే ఎక్స్‌పోర్టర్ పెట్టండి, జేఎంఎక్స్ బయటికి తెరవక్కర్లేదు. నోడ్‌టూల్‌కి ఎస్‌ఎస్‌హెచ్ చేసి నోడ్ మీదే నడపండి.

ఇంకో మాట. ఇదంతా తీగ మీది రక్షణ. డిస్కు మీద ఎస్ఎస్ టేబుళ్ళు మామూలుగానే ఉంటాయి. ఓపెన్ సోర్స్ వెర్షన్‌లో కమిట్ లాగ్‌కి, హింట్లకు (డౌన్ అయిన నోడ్ కోసం దాచిన రాతలు) ఎన్‌క్రిప్షన్ ఉంది గానీ ఎస్ఎస్ టేబుళ్ళకు లేదు. దానికి డిస్కు స్థాయిలో లక్స్ (లినక్స్ డిస్కు ఎన్‌క్రిప్షన్) లాంటిది వాడాలి. స్నాప్‌షాట్లు వేరే చోటికి కాపీ చేస్తుంటే అవి అక్కడ ఎన్‌క్రిప్ట్ అయ్యేలా చూడండి.

ఆడిట్_విశాఖ:

లాగిన్ పెట్టాక ఆడిట్ లాగ్ కూడా ఆన్ చేయండి, 4.0 నుంచి ఉంది. అన్ని క్వెరీలూ రాయిస్తే డిస్కు నిండిపోతుంది. ఆథ్, డీసీఎల్, డీడీఎల్ కేటగిరీలు చాలు: ఎవరు లాగిన్ అయ్యారు, ఎవరికి కాలేదు, ఎవరు హక్కులిచ్చారు, ఎవరు స్కీమా మార్చారు. బైనరీ ఫైళ్ళుగా రాస్తుంది, చదవడానికి ఆడిట్ లాగ్ వ్యూయర్ టూల్ దాంతోనే వస్తుంది.

మీ నోడ్లు మన దేశంలోనే ఉన్నాయి కాబట్టి ఇది ఇష్టాయిష్టాల సంగతి కాదు. సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సిస్టమ్ లాగులు 180 రోజులు ఉంచాలి, చొరబాటు లాంటి ఘటన తెలిసిన 6 గంటల్లో వాళ్ళకు తెలియజేయాలి. నోడ్ మీదే లాగ్ ఉంటే, నోడ్‌ని పట్టినవాడు లాగ్‌ని కూడా చెరిపేస్తాడు. రోజూ వేరే మిషన్‌కి పంపండి. అదే ఆదేశాల్లో గడియారాలను ఎన్‌టీపీతో (నెట్‌వర్క్ టైమ్ సర్వర్లతో) సరిచూసుకోవాలని కూడా ఉంది, అది సర్టిఫికెట్లకూ అవసరమే: గడియారం వెనకబడ్డ నోడ్‌కి కొత్తగా చేసిన సర్టిఫికెట్ "ఇంకా అమల్లోకి రాలేదు" అనిపిస్తుంది.

బ్యాకెండ్_గుంటూరు:

అందరికీ కృతజ్ఞతలండీ. ఆఖరిది ఒకటి. అంతా అయ్యాక నిజంగా మూసుకుందని ఎలా పరీక్షించాలి? సర్టిఫికెట్ల గడువు ఏడాది పెడుతున్నాం, మార్చేటప్పుడు మళ్ళీ రోలింగ్ రీస్టార్టేనా?

కీస్టోర్_కృష్ణా:

పరీక్ష అంటే కావాల్సింది అవుతోందా అని మాత్రమే కాదు, కాకూడనిది ఆగుతోందా అని చూడడం. ఎస్ఎస్ఎల్ ఫ్లాగ్ లేకుండా షెల్ తెరవండి, పడిపోవాలి. ఎస్ఎస్ఎల్‌తో పాత కసాండ్రా యూజర్‌తో ప్రయత్నించండి, పడిపోవాలి. ఒక సర్వీసు రోల్‌తో వేరే సర్వీసు టేబుల్‌ని అడగండి, హక్కు లేదనాలి. ఓపెన్ఎస్ఎస్ఎల్ ఎస్-క్లయింట్‌తో ప్రతి నోడ్ 9042కీ మీ సీఏ ఫైలు ఇచ్చి వెళ్ళండి, చివర వెరిఫై రిటర్న్ కోడ్ 0 రావాలి. అదే టూల్‌తో 7000 పోర్టుకి క్లయింట్ సర్టిఫికెట్ ఇవ్వకుండా వెళ్ళండి, కనెక్షన్ నిలబడకూడదు. టీఎల్ఎస్ 1.3 అయితే హ్యాండ్‌షేక్ అయిపోయినట్టు కనిపించి, ఆ తర్వాత ఎర్రర్ వచ్చి తెగుతుంది, కాబట్టి ఒకట్రెండు సెకన్లు ఆగి చూడండి. టీసీపీడంప్‌తో 7000 మీద కాసేపు పట్టి చూస్తే మీ టేబుల్ పేర్లు, డేటా ఎక్కడా చదవగలిగేలా ఉండకూడదు.

గడువు సంగతి. 4.0 నుంచి రీస్టార్ట్ అక్కర్లేదు. కొత్త కీస్టోర్‌ని అదే పేరుతో, అదే పాస్‌వర్డ్‌తో అదే చోట పెట్టండి. కసాండ్రా పది నిమిషాలకోసారి ఫైలు మారిందా అని చూసుకుంటుంది. ఆగలేకపోతే నోడ్‌టూల్ రీలోడ్ ఎస్ఎస్ఎల్ కొట్టండి. పాస్‌వర్డ్ మారిస్తే కుదరదు, యామల్‌ని మళ్ళీ చదవదు కాబట్టి. ఫైలుని నేరుగా ఆ చోటికి కాపీ చేయకుండా, పక్కన వేరే పేరుతో కాపీ చేసి తర్వాత పేరు మార్చండి, సగం కాపీ అయిన ఫైల్ని చదివే ప్రమాదం ఉండదు.

సీఏనే మార్చాల్సి వస్తే: ముందు అన్ని నోడ్ల ట్రస్ట్‌స్టోర్లలో, అన్ని సర్వీసుల దగ్గరా పాత సీఏ, కొత్త సీఏ రెండూ ఉండాలి. ఆ తర్వాత నోడ్ సర్టిఫికెట్లు ఒక్కోటి కొత్త సీఏవి పెట్టాలి. చివరికి పాత సీఏ తీసేయాలి.

రీలోడ్ అనేది కొత్త కనెక్షన్లకే వర్తిస్తుంది. గడువు తీరడం కూడా అంతే. ఇప్పటికే తెరిచి ఉన్న కనెక్షన్లు గడువు దాటినా తెగవు. కాబట్టి సర్టిఫికెట్ గడువు తీరిన రోజున ఏ అలారమూ మోగదు, క్లస్టర్ వారాల తరబడి మామూలుగా నడుస్తుంది. ఎప్పుడో కెర్నల్ ప్యాచ్ కోసం ఒక నోడ్ రీస్టార్ట్ చేస్తారు, అది లేవగానే ఎవరితోనూ కలవదు. అప్పుడు అందరూ ప్యాచ్‌ని అనుమానిస్తారు. ఎస్-క్లయింట్‌తో ప్రతి నోడ్‌నీ రోజుకోసారి అడిగి, గడువు తేదీ 30 రోజుల్లోకి వస్తే మెయిల్ పంపే చిన్న స్క్రిప్ట్ పెట్టండి. డిస్కు మీది ఫైల్లో తేదీ చూడడం చాలదు, ఫైలు మారి కూడా రీలోడ్ కాకపోయి ఉండొచ్చు. పోర్టుని అడిగితేనే నోడ్ ఇప్పుడు ఏ సర్టిఫికెట్ చూపిస్తోందో తెలుస్తుంది.